కదిలేది నొక్కాలె

ధనుంజయ్ నన్ను అనుమానించింది ఒక మంగళవారం పొద్దున. పదకొండు గంటలకు నా జిరాక్సు షాపుకు వచ్చి, రోజూ కూర్చునే మూల కుర్చీలో కూర్చోకుండా, కౌంటరు అవతల గిరాకీలాగా నిలబడ్డాడు.

"రామ్‌దాసన్నా, నీ షాపుల నెట్టు ఎవలెవలు వాడుతుండ్రు?" అన్నాడు.

"నేను, నువ్వు, గోడ మీది బల్లి," అన్నాను.

నవ్వలేదు. "పరాచికాలకు అడుగుత లేను. నా సైటు నువ్వు ఎన్నడన్న తెరుస్తవా?"

"తెరువొద్దని నువ్వే చెప్తివి గదా."

"చెప్పిన. తెరుస్తవా తెరువవా, గది అడుగుతున్న."

నిజామాబాద్ గంజ్ పక్కన ఇరవై రెండేళ్ళుగా షాపు నడుపుతున్నాను. ఊళ్ళో సగం మంది ఆధార్ కార్డులు, రైతుల పట్టా పాసుపుస్తకాలు నా చేతుల మీదుగా పోయాయి. ఒక్కరంటే ఒక్కరు నన్ను దొంగను చూసినట్టు చూడలేదు. ఉచితంగా కుర్చీ ఇచ్చి, నెట్టు ఇచ్చి, పూటకో చాయ్ పోయించినవాడు నా మొహం మీదే ఆ మాట అడిగేసరికి నాకు ఒళ్ళు మండింది. "తెరుస్తలేను పో" అని గట్టిగానే అన్నాను. అతను కాసేపు నా వైపే చూసి, నమ్మలేదని నాకు తెలిసేలాగా తల ఊపి, అప్పుడు వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

ధనుంజయ్ అనుమానం కొత్తది కాదు. వాళ్ళది మా గల్లీయే. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి సుమిత్రమ్మ బీడీలు చుట్టి పెంచింది. అతను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆమెకు టైఫాయిడ్ వచ్చి నెలరోజులు మంచాన పడింది. అయినా కార్ఖానాలో ఆమె పేరు మీద రోజూ వెయ్యి బీడీలు పూర్తిగా జమ అవుతూనే ఉన్నాయి. మన ఆడవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరికన్నా లెక్క తక్కువ పడితే, పక్కనున్నవాళ్ళు తలా ఒక కట్ట, అంటే ఇరవై అయిదు బీడీలు, ఆమె చాటలో వేసేస్తారు. వేసినవాళ్ళు చెప్పరు, తీసుకున్నవాళ్ళు అడగరు. అందరి ముందు పేరెత్తితే తీసుకున్నామెకు నామోషీ కదా. ఈ పిల్లగాడు మాత్రం ఊరుకోలేదు. కట్టలన్నీ ముందేసుకుని, ఏ కట్టకు దారం ముడి ఎలా ఉందో చూసి, ఇది ఫలానా ఆమెది, ఇది ఫలానా ఆమెది అని పన్నెండేళ్ళకే దర్యాప్తు చేశాడు. తల్లి మంచం మీది నుంచే లేచి ఒక్కటి పీకిందట. ఆ సంగతి సుమిత్రమ్మే నాకు చెప్పి నవ్వింది.

పెద్దయ్యాక ముత్తన్న అనే కమీషన్ వ్యాపారి దగ్గర పసుపు యార్డులో గుమాస్తాగా చేరాడు. అక్కడ చూశాడు, ఆర్మూరు వైపు నుంచీ బోధన్ వైపు నుంచీ పసుపు బస్తాలు వేసుకొచ్చే రైతుకు ఆ రోజు ధర తెలియదు. పొడుగు కొమ్ము పసుపు ఎంత, గుండ్రటి మండ పసుపు ఎంత, ముందురోజు ఎంత పలికింది, ఏదీ తెలియదు. ఫోన్ చేసి అడిగితే, సేటు చెప్పమన్న ధర ఈ గుమాస్తా చెప్పాలి. ఏడాదిన్నర చెప్పాడు. తర్వాత ఒకరోజు మానేసి వచ్చి నా మూల కుర్చీలో కూర్చున్నాడు. సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టి, రోజూ యార్డుకు పోయి వేలం దగ్గర నిలబడి, చెవులారా విన్న ధరలే అందులో పెట్టడం మొదలుపెట్టాడు. పేరు 'ఇందూరు పసుపు', ఇందూరంటే నిజామాబాద్ పాత పేరు. దాని అడ్రసుతో స్టిక్కర్లు నేనే కొట్టించి ఇచ్చాను. ఒకటి వాళ్ళ ఇంటి తలుపు మీద, ఒకటి అతని బండి మీద ఇప్పటికీ ఉన్నాయి.

ఆ సైటుకు తిండి పెట్టేది ప్రకటనలు. ఎక్కడో దూరదేశంలో ఉన్న కంపెనీ ఒకటి అతని పేజీలో ట్రాక్టర్లవీ చీరలవీ కదిలే బొమ్మలు పెడుతుంది. చూసిన రైతు ఇష్టపడి నొక్కితే ఇతనికి నాలుగు రూపాయలు. ముత్తన్న ఒకసారి నా షాపుకే వచ్చి, "నీ సైటు ఖర్చంత నేను పెట్టుకుంట ధనుంజయ్, ధర మాత్రం నన్నడిగి రాయి" అన్నాడు. ధనుంజయ్ లేచి నిలబడి దండం పెట్టి పంపించాడు. ఆ ప్రకటనలు ఉన్నన్నాళ్ళే అతను అలా దండం పెట్టగలడని నాకూ తెలుసు, ముత్తన్నకూ తెలుసు.

అందుకే ఆ కంపెనీ నియమాలంటే అతనికి అంత భయం. పద్నాలుగు పేజీలు నా దగ్గరే ప్రింటు తీయించి ఎర్ర పెన్నుతో గీతలు గీశాడు. మన ప్రకటన మనం నొక్కకూడదు. ఎవరినీ నొక్కమని అడగకూడదు. ఇంట్లోవాళ్ళు, దోస్తులు నొక్కినా తప్పు మనదే. ఒకసారి పేజీ సరిచూస్తుంటే బొటనవేలు జారి ట్రాక్టరు మీద పడింది. ఆ రోజంతా అన్నం తినలేదు. పొరపాటున వేలు తగిలిందని కంపెనీకి తనే ఉత్తరం రాశాడు. వాళ్ళు జవాబు కూడా ఇవ్వలేదు, పాపం వాళ్ళకు వేరే పనులుంటాయి కదా. ఇంట్లో తల్లికి కూడా ఆ పని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే అడిగినట్టవుతుందని అతని లెక్క. ఏం చేస్తున్నావురా అంటే "పసుపు ధర రాస్తున్న" అంటాడు, అంతే. ముప్పై ఒకటి నిండినా పెళ్ళి కాలేదు. చూపులకు పోయినచోట పిల్లను వదిలేసి వాళ్ళ తాతలు ఏ ఊరోళ్ళో ఆరా తీస్తే ఎవరిస్తారు?

ఆ మంగళవారం అతనికి వచ్చింది ఆ కంపెనీ నుంచి హెచ్చరిక. మూడు వారాలుగా మీ పేజీలో ప్రకటనలను ఎవరో అదేపనిగా నొక్కుతున్నారు, అవి నిజమైన నొక్కుళ్ళు కావు, ఖాతా ఆపేయబోతున్నాం, మీరు చెప్పుకునేది ఉంటే ఒక్కసారి చెప్పుకోవచ్చు. ఆ తర్వాత మా నిర్ణయమే ఆఖరు. ఇదీ దాని సారాంశం. ఒకసారి ఖాతా పోతే ఆ మనిషికి జన్మలో మళ్ళీ ఇవ్వరట.

"ఎవడో కావాలని చేస్తున్నడన్నా," అన్నాడు కాస్త చల్లబడ్డాక. "సూడు, అన్నీ నిజామాబాద్ నుంచే. అన్నీ ఫోన్లల్లకెల్లి. నాలుగు గంటల నుంచి అయిదు దాక, అంతే. ఆదివారం ఒక్కటి గూడ లేదు. ఆదివారం ఏది బంద్ ఉంటది? యార్డు బంద్ ఉంటది. నాలుగు గంటలకు వేలం అయిపోయి ఎవలు ఖాళీగుంటరు? సేటు గుమాస్తాలు."

నిజమే అనిపించింది. ఏం చేస్తాం, నాకూ ముత్తన్న మీద కోపమే. ఇద్దరం కలిసి నాలుగింటికి యార్డుకు పోయి, ముత్తన్న కొట్టు ఎదురుగా బస్తాల చాటున నిలబడ్డాం. యాభై రెండేళ్ళ మనిషిని, పసుపు దుమ్ముకు తుమ్ములు ఆపుకుంటూ గంటసేపు నిలబడ్డాను. గుమాస్తాలిద్దరూ తలా ఒక బస్తా మీద పడుకుని గుర్రుపెట్టి నిద్రపోయారు. ఒక్కడూ ఫోను ముట్టలేదు. షాపుకు తిరిగి వచ్చి చూస్తే ఆ గంటలోనే నలభై నొక్కుళ్ళు పడ్డాయి.

"అయితే గాడే," అన్నాడు ధనుంజయ్. "బోధన్ దిక్కు చక్రవర్తి."

చక్రవర్తి వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలాలు కొన్నవాళ్ళు. అతనికీ ఒక సైటు ఉండేది. వడ్లు, చెరకు, పసుపు ధరలు పెట్టేవాడు. రెండేళ్ళ కింద ఉన్నట్టుండి ఆపేశాడు. తనది పోయిందన్న కడుపుమంటతో నాది పోగొడుతున్నాడని ధనుంజయ్ వాదన. నిజామాబాద్‌లో మనుషుల్ని పెట్టి నొక్కిస్తున్నాడట. ఇంత ఖర్చు పెట్టి నీ మీద పగ తీర్చుకునేంత గొప్పోడివా అని అడగబోయి ఊరుకున్నాను. నా పేరు జాబితాలోంచి ఇంకా కొట్టేయలేదు కదా.

గురువారం నా బండి మీదే పోయాం. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం పక్క నుంచి వర్ని రోడ్డు ఎక్కాం. దారంతా వరి పచ్చగా ఉంది, ఒకప్పుడు ఇదంతా చెరకే. ధనుంజయ్ వెనక కూర్చుని ఏమేం అడగాలో గొణుక్కుంటున్నాడు. వర్ని ఇవతల, అక్కడివాళ్ళు క్యాంపు అనే ఊళ్ళో, చక్రవర్తి ఇంటి ముందు ట్రాక్టరు కడుగుతున్నాడు. మమ్మల్ని చూసి పైపు పక్కన పడేసి ఎదురొచ్చాడు.

"రండి రండి, ఇందూరు పసుపు ధనుంజయ్ గారు కదా? మీ ఫొటో చూశానండి. కూర్చోండి, మజ్జిగ తాగుదురుగాని."

ధనుంజయ్ కూర్చోలేదు. మజ్జిగ గ్లాసు ముట్టలేదు. "నా సైటు మీద మనుషుల్ని పెట్టి నొక్కిస్తున్నది నువ్వేనా?" అని సూటిగా అడిగేశాడు. నేను రెండు గ్లాసులూ తీసుకున్నాను, ఎండకు వచ్చాం.

చక్రవర్తికి కోపం రాలేదు. మొహంలో ఏదో సిగ్గు కనిపించింది. "మీకూ వచ్చిందా ఆ ఉత్తరం?" అన్నాడు. "నాకొచ్చినప్పుడు నేనేం చేశానో చెప్పనాండీ? మీ మీద అనుమానపడ్డాను. ఒట్టండి. నిజామాబాద్‌లో ధనుంజయ్ అనే ఆయన పోటీకి చేయిస్తున్నాడు అని కంపెనీకి రాసిన జవాబులో మీ పేరే రాశాను. నెల తర్వాత తెలిసింది. మా బావమరిది వాళ్ళ చుట్టాల గ్రూపులో పెట్టాడంట, మన చక్రవర్తి ప్రకటనలు అందరూ నొక్కండి అని. ఖాతా ఎలాగూ పోయింది. మీ పేరు అన్యాయంగా రాశానే అన్నది మాత్రం ఉండిపోయింది."

ధనుంజయ్ బండి వైపు తిరిగాడు. చక్రవర్తి గేటు దాకా వచ్చి మెల్లగా చెప్పాడు. "చెప్పుకునే అవకాశం ఒక్కసారే ఇస్తారండి. రాసేముందు ఇంటివైపు ఒకసారి చూసుకోండి. పగోళ్ళకు ఇంత ఓపిక ఉండదు."

తిరుగుదారిలో బోధన్ చేరాం. అక్కడ చాయ్ దగ్గర బండి ఆపగానే మొదలుపెట్టాడు. "కథ మంచిగ అల్లిండన్నా. నా పేరు రాసిండట, సిగ్గయితుందట. ఇంటివైపు సూసుకోవాల్నట. మా ఇంట్ల ఎవలున్నరు? అవ్వ. ఫోన్ మోగితే ఎత్తుడు, పచ్చది నొక్కుడు తప్ప ఆమెకేం వస్తది?"

"ఏం రాదు," అన్నాను నేను కూడా. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు చిన్నతనంగా ఉంది.

శుక్రవారం పొద్దున షాపులో కూర్చుని ఇద్దరం మళ్ళీ కంప్యూటరు ముందర పెట్టుకున్నాం. జవాబు పంపడానికి ఇంక మూడు రోజులే. ధనుంజయ్ మొహం పీక్కుపోయింది. రోజువారీ నొక్కుళ్ళ పట్టిక పైకీ కిందికీ జరుపుతూ ఒకచోట ఆగాడు.

"అన్నా, పోయిన బుధవారం సూడు. సున్న. ఆ రోజు యార్డు నడిచింది. బస్తాలు రోడ్డు దాక వచ్చినయి. నేనే ఉంటి. మరి ఒక్కటి గూడ ఎందుకు లేదు?"

పోయిన బుధవారం నాకు బాగా గుర్తుంది. ఆ రోజు షాపు నిండా బీడీలు చుట్టే ఆడవాళ్ళే. పీఎఫ్ కాగితాలు, పింఛను కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి పాతిక మంది వచ్చారు. ఇంతమంది ఒక్కరోజే ఎందుకు వచ్చారమ్మా అంటే, "ఆకు రాలేదట, ఇయ్యాల కార్ఖానా బంద్. రేపటిసంది మల్ల తీరిక యాడుంటది" అన్నారు. కార్ఖానా ఆదివారం కూడా బంద్. నాలుగు గంటలకు ఆడవాళ్ళు బీడీలు తీసుకుని పోయి కార్ఖానా అరుగు మీద కూర్చుంటారు. టేకేదారు, అంటే కాంట్రాక్టరు, లెక్క చూసి తీసుకునేసరికి అయిదవుతుంది.

ఇదంతా నాకు తట్టిన వరసలోనే పైకి చెప్పేశాను. చెబుతుంటే అతని మొహం మారిపోవడం చూసి చివరి మాట మింగబోయాను కానీ అప్పటికే ఆలస్యమైంది.

"పోదాం పా," అన్నాడు.

నాలుగింటికి పోయాం. కార్ఖానా అంటే పెద్దదేం కాదు, పాత పెంకుటిల్లు, ముందర పొడుగు అరుగు. అరుగు మీద ఎనిమిది మంది ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మధ్యలో సుమిత్రమ్మ. పక్కన భాగ్యలక్ష్మి, మా గల్లీ చివరి ఇల్లు, పదో తరగతి దాకా చదివిన మనిషి. నాలుగు ఫోన్లు చేతులు మారుతున్నాయి. మేం గోడ ఇవతల ఉన్నామని వాళ్ళకు తెలియదు.

"కదిలేది నొక్కాలె, కదలంది నొక్కొద్దు," అంటున్నది భాగ్యలక్ష్మి. "ఒక్కొక్కలు అయిదు. ఎక్కువ నొక్కితె మందిది కాజేసినట్టు ఉంటది."

"నాకు మల్ల ట్రాక్టరే వచ్చిందే. నిన్న చీరలొచ్చినయి, మంచిగుండె," అన్నది ఒకామె. "ట్రాక్టరోడు ఫోన్ నంబరు అడుగుతుండు, ఇయ్యాల్నా?"

"ఇయ్యకు. వెనకకు రా. సుమిత్రక్కా, నీ అయిదు అయినయా?"

"మూడయినయి," అన్నది సుమిత్రమ్మ. ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, చూపుడువేలు చీరకొంగుకు తుడుచుకుని, నాలుగోది నొక్కింది. ఎప్పుడు నేర్చుకుందో, తడుముకోలేదు.

ధనుంజయ్ గోడ దాటి వచ్చి వాళ్ళ ముందు నిలబడ్డాడు. ఎనిమిది మందీ ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. నాలుగు ఫోన్లూ చాటల్లో ఆకుల కిందికి పోయాయి.

"ఏం చేస్తున్నవే అవ్వా?"

భాగ్యలక్ష్మి అటు తిరిగి దారం చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"అడుగుతున్న గదా, ఎవలు చెప్పిండ్రు నొక్కుమని?"

"ఎవలు చెప్తరు?" అన్నది సుమిత్రమ్మ నెమ్మదిగా. "నెల కింద అన్నం తినుకుంట ఫోన్ల రామ్‌దాసు తమ్మితోని నువ్వే అంటివి గద బిడ్డా. ఈ నెల శాన తక్కువ పడ్డయే, నొక్కేటోళ్ళే లేరు అని. తక్కువ పడ్డయంటె మరి ఊకుంటమా? తలుపు మీద కాగితం ఉన్నది గదా, భాగ్య గది సూసి తెరిసింది."

నాకు గుర్తొచ్చింది. ఆ ఫోను చేసింది నేనే, ఆ మాట నాతోనే అన్నాడు. ధనుంజయ్‌కి అది లోకంలో అందరూ అనుకునే మామూలు మాట. బీడీలు చుట్టే మనిషికి తక్కువ పడడమంటే ఒకటే అర్థం. ఎవరూ చూడకుండా చాటలో కట్ట వేయాలి.

"నా బతుకు ముంచిండ్రు గదనే!" అని అరిచాడు ధనుంజయ్. కార్ఖానా లోపలి నుంచి టేకేదారు తొంగిచూసి మళ్ళీ లోపలికి పోయాడు. "మందితోని నొక్కిస్తె ఖాతా తీసేస్తరు. తెల్వదా మీకు?"

"మాకేమెర్క తమ్మీ," అన్నది భాగ్యలక్ష్మి. "ఒకల బీడీలు ఒకల పేరు మీద ఇచ్చుడు ఈడ గూడ తప్పే. కార్డు తీసేస్తరు. ఇరువై ఏండ్లసంది ఇస్తున్నం, మా టేకేదారుకు తెల్వలే. మీ కంపెనోళ్ళకు గింత దూరంకెల్లి ఎట్ల తెలిసింది?"

సుమిత్రమ్మ చాట పక్కన పెట్టి లేచింది. కొడుకు దగ్గరికి వచ్చింది కానీ చేయి వేయలేదు. మిగతా ఏడుగురూ తలలు వంచుకునే ఉన్నారు. ఆ రోజు ఎవరి బీడీలు ఎన్నో ఎవరికీ పట్టలేదు. నాకు ఆ అరుగు ముందు నిలబడడం కూడా తప్పుగా అనిపించింది.

మరునాడు తల్లీ కొడుకులిద్దరూ నా షాపుకు వచ్చారు. కంపెనీకి జవాబు రాయాలి. దీనికి కారణం మీకు తెలుసా, తెలిస్తే ఏమిటి, మళ్ళీ జరగకుండా ఏం చేశారు, ఇవి వాళ్ళ ప్రశ్నలు. తెలిసీ తెలియని సలహా ఒకటి నేనూ ఇచ్చాను. "తెల్వదని రాయి. ఎవడో పగోడు చేసిండని రాయి. నమ్ముతరు. ఇంట్లోళ్ళు నొక్కినా తప్పు నీదేనని వాళ్ళ కాగితంలనే ఉన్నది."

"అబద్ధం రాయనన్నా," అన్నాడు. "చక్రవర్తి రాసి ఏం బాగుపడ్డడు?"

సుమిత్రమ్మ అప్పటిదాకా స్టూలు మీద ఊరికే కూర్చుంది. ఉన్నట్టుండి అడిగింది. "ఈ నాలుగు రోజులు ఎవలెవల మీద అనుమానపడ్డవ్‌రా?"

అతను తల గోక్కున్నాడు. "రామ్‌దాసన్న మీద. ముత్తన్న సేటు మీద. వర్ని కాడ ఒకాయన మీద."

"నా మీద పడలేదా?"

"నీ మీద ఎందుకు పడతనే?"

"గదే అడుగుతున్న," అన్నది. "ఊరోళ్ళందరు కనవడ్డరు, నేను కనవడలేదు. నా మీద నమ్మకం ఉండి గాదు. నాకు గది చేతగాదనుకున్నవ్. పచ్చది నొక్కుడు తప్ప నాకేం రాదని నీ లెక్క." ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ తగిలింది. బోధన్ చాయ్ దుకాణం దగ్గర నేనన్న మాట గుర్తొచ్చి, లేని జిరాక్సు పని పెట్టుకుని మిషను దగ్గరికి పోయాను.

"నా పేరు రాయి," అన్నది మళ్ళీ. "కార్డు మీద ఉన్నట్టు రాయి. నేనే నొక్కిచ్చిన అని రాయి. వాళ్ళయి రాయకు."

"కాగితంల ఎంతమందో చెప్పాలె అవ్వా."

"ఎనిమిది మంది అని రాయి. పేరు మాత్రం నాదే."

అలాగే రాశాడు. తక్కువ పడడమంటే ఏమిటో, తలా ఒక కట్ట వేయడమంటే ఏమిటో ఇంగ్లీషులో రాయడానికి గంటన్నర పట్టింది. ఎన్నిసార్లు రాసినా అది మోసం చేసినట్టే వస్తున్నది. చివరికి, మా అమ్మ నాకు సాయం అనుకుని చేసింది, నేను ఆమెకు నియమం చెప్పకపోవడం నా తప్పు, అని మామూలుగా రాసి పంపించాడు.

తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. అతను మొదట పంపినవాళ్ళ చిరునామా ఒక్కో అక్షరం సరిచూశాడు, ఇది దొంగ ఉత్తరమేమో అని. కాదు. మీ వివరణ పరిశీలించాం, ఖాతాను శాశ్వతంగా మూసేశాం, ఇక మళ్ళీ రాయవద్దు. మూడు ముక్కలు. సుమిత్రమ్మ పేరు చదివారో లేదో కూడా అందులో లేదు. నేను చాయ్ తెప్పించాను. చల్లారిపోయింది.

తర్వాత ఫోను తీసి తల్లికి చేశాడు. "అవ్వా, మాఫ్ చేసిండ్రే. అవును, ఖాతా ఉన్నది. నిజం రాసినం గదా, మెచ్చుకున్నరు. ఆ, భాగ్యక్కకు గూడ చెప్పు. ఇగ మాత్రం ఎవలు నొక్కొద్దు, సరేనా?"

వేలు జారినందుకు ఉత్తరం రాసిన మనిషి అబద్ధం చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. నా మొహం చూసి ఫోను పక్కన పెట్టాడు.

"ఖాతా పోయిందని తెలిస్తే వాళ్ళకు భయం పట్టుకుంటదన్నా," అన్నాడు. "మల్ల ఎన్నడు ఎవల చాటల ఎవలు కట్ట వెయ్యరు. నీకు దండం పెడత, నోరు జారకు."

జారలేదు. అప్పటి నుంచి అతను పొద్దున యార్డుకు పోయి ధరలు తెచ్చి సైటులో పెడతాడు, మిగతా రోజంతా నా షాపులో పెళ్ళిపత్రికలు టైపు చేస్తాడు. సేటు మళ్ళీ ఒకసారి వచ్చాడు. ధనుంజయ్ మళ్ళీ లేచి నిలబడి దండం పెట్టాడు. ఈసారి దండం పెట్టడానికి కొంచెం సమయం పట్టింది, కానీ పెట్టాడు.

పోయిన వారం అతను యార్డులో ఉన్న వేళ సుమిత్రమ్మ వచ్చింది. పింఛను కాగితం ఒకటి కౌంటరు మీద పెట్టింది. జిరాక్సు తీసి ఇచ్చినా కదల్లేదు.

"తమ్మీ, ఒకటి అడుగుత. వాని ఖాతా ఉన్నదా?"

"ఉన్నది గదక్కా. మాఫ్ చేసిండ్రట గదా," అన్నాను, మిషను వైపు చూస్తూ.

"నిన్న భాగ్య ఫోన్ల తెరిపిచ్చిన. నొక్కలె, ఉత్తగ సూసిన." కాగితం నాలుగు మడతలు పెట్టింది. "పైకెల్లి కింది దాక సూసిన తమ్మీ. కదిలేది ఒక్కటి గూడ లేదు."

నేను మిషను మూత ఎత్తి మళ్ళీ వేశాను.

"భాగ్య గూడ అడిగింది, బొమ్మలేవీ అని. కంపెనోళ్ళు వేరేకాడ పెట్టిండ్రట, మనకు కనవడయట అని చెప్పిన. దానికి గిదంత ఎందుకు, దినాం ఏడుస్తది." కాగితం సంచిలో పెట్టుకుని మెట్టు దిగుతూ వెనక్కి తిరిగింది. "నాకు తెలుసని వానికి తెల్వనియ్యకు."

ఆమె గల్లీ మలుపు తిరిగిందో లేదో, యార్డు నుంచి ధనుంజయ్ వచ్చాడు. బండి ఆపుతూనే అటువైపు చూశాడు.

"మా అవ్వ వచ్చిండెనా? ఎందుకొచ్చింది?"

"జిరాక్సుకు," అన్నాను.

"గంతేనా? ఇంకేమన్న అడిగిందా?"

"ఏమడుగుతది, ఏం లేదు."

కౌంటరు అవతల గిరాకీలాగా నిలబడి, ఆ మంగళవారం చూసినట్టే నన్ను ఎగాదిగా చూశాడు. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. ఈసారి తల వంచుకుని మిషనులో కాగితాలు సర్దుకున్నాను, ఎందుకంటే ఈసారి అతని అనుమానం నిజం.